చౌక కారు.. చేదు బేరం

ఆన్‌లైన్ ప్రకటనల మాటున ఘరానా మోసాలు
కారు, కాగితం, యజమాని ఒకేచోట కనిపించాకే సొమ్ము చెల్లించాలి

కర్నూలు, కడప: రాయలసీమలో కారు కొనుగోలు ఒక్కరి ముచ్చట కాదు, ఇంటిల్లిపాది నిర్ణయం. వేరుశనగ, శనగ, పత్తి కలిసొచ్చిన ఏడాది మిగిలిన సొమ్ముతో ఒకరు, కువైట్‌లో కష్టపడి కూడబెట్టిన డబ్బుతో మరొకరు, బాడుగకు తిప్పుకొని బతుకుదామని అప్పు చేసి ఇంకొకరు పాత కారు కోసం వెదుకుతుంటారు. ఒకప్పుడు ఈ వెదుకులాట తెలిసిన మెకానిక్ షెడ్డు దగ్గర మొదలయ్యేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో మొదలవుతోంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో అమ్మకానికి ఉన్న కార్ల ఫొటోలు, ధరలు ఇంటి అరుగు మీదే కనిపిస్తున్నాయి. ఈ సౌకర్యాన్నే మోసగాళ్లు పెట్టుబడిగా మార్చుకున్నారు.

ఆన్‌లైన్‌లో కారును ఎంచుకోవడంలో తప్పు లేదు. కళ్లారా చూడకముందే సొమ్ము పంపడంలోనే ప్రమాదమంతా ఉంది. ఈ మోసాలు స్థూలంగా రెండు రకాలు. మొదటి దానిలో అసలు కారే ఉండదు. రెండో దానిలో కారు ఉంటుంది కానీ దాని చరిత్ర దాచిపెడతారు. మొదటిది వేలతో మొదలై లక్షలు లాగేస్తుంది. రెండోది లక్షలు పోసి కొన్న తరువాత ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

జవాను పేరిట వల

దేశవ్యాప్తంగా ఎక్కువగా వెలుగు చూసిన పద్ధతి సైనికుడి వేషం. ఉదాహరణకు ఆళ్లగడ్డ ప్రాంత రైతు ఒకరు ఫోన్‌లో ప్రకటన చూశారనుకుందాం. బయట నాలుగు లక్షలు పలికే కారు లక్షా ఎనభై వేలకే అని ఉంటుంది. ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి మర్యాదగా హిందీలో మాట్లాడతాడు. తాను సైన్యంలోనో, విమానాశ్రయ భద్రతా దళంలోనో పనిచేస్తున్నానని, జమ్మూకు బదిలీ అయిందని, అందుకే తక్కువ ధరకు ఇస్తున్నానని చెబుతాడు. అడగకముందే గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో దిగిన ఫొటో, ఆర్సీ నకలు వాట్సాప్‌లో పంపిస్తాడు. కారు శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో ఉందని, భద్రతా కారణాల వల్ల బయటివారిని లోనికి అనుమతించరని అంటాడు. కారును సైన్యం వాహనంలోనే ఇంటికి పంపిస్తామని, రవాణా ఖర్చు రూ.5,100 చెల్లిస్తే చాలని నమ్మబలుకుతాడు.

ఆ మొత్తం చెల్లించగానే అసలు కథ మొదలవుతుంది. కారు బయలుదేరిందంటూ రశీదు వస్తుంది. కొద్దిసేపటికి డ్రైవర్‌నంటూ మరొకరు ఫోన్ చేస్తారు. జీఎస్టీ కట్టాలని, జీపీఎస్ పరికరానికి పూచీ సొమ్ము చెల్లించాలని, కారు అందగానే అదంతా తిరిగి వస్తుందని చెబుతారు. చెల్లింపులో పైసలు తేడా వచ్చాయని, మొత్తం మళ్లీ పంపితేనే లెక్క సరిపోతుందని ఇంకోసారి అంటారు. అప్పటికే ఇరవై వేలు పంపిన మనిషి, ఇప్పుడు ఆగితే అది కూడా పోతుందన్న భయంతో మరో ముప్పై వేలు పంపుతాడు. ఈ మోసానికి ఊతం ఆ భయమే. ఇక పంపలేనని గట్టిగా చెప్పిన రోజు ఫోన్ మూగబోతుంది.

సైనికుడి వేషం ఎంచుకోవడానికి కారణం ఉంది. జవానంటే జనానికి గౌరవం, నమ్మకం. కారు చూపించలేకపోవడానికీ, నేరుగా కలవలేకపోవడానికీ ఆ ఉద్యోగమే సాకుగా పనికివస్తుంది. వాట్సాప్‌లో వచ్చే గుర్తింపు కార్డులు చాలా వరకు ఇతరుల నుంచి కాజేసినవే. కొనేవారు తమ ఆధార్, పాన్ నకళ్లు అవతలివారికి పంపితే, రేపు అవే మరొకరిని మోసగించడానికి ఎరగా మారతాయి. ఎవరో సొంతానికి అమ్ముకున్న కారును కొన్నవారి ఇంటికి చేర్చే కొరియర్ సేవ ఏదీ సైన్యానికి లేదన్న ఒక్క విషయం గుర్తుంటే ఈ వలలో పడకుండా బయటపడవచ్చు.

మూలాలు మేవాత్‌లో

ఇలాంటి కేసులను తవ్వినప్పుడు పోలీసులకు పదేపదే ఎదురైన ప్రాంతం మేవాత్. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వార్, హర్యానాలోని నూహ్, ఉత్తరప్రదేశ్‌లోని మథుర పరిసర గ్రామాలు ఈ ప్రాంతం కిందికి వస్తాయి. ఓఎల్‌ఎక్స్ వంటి వేదికల్లో వాహన ప్రకటనలు పెట్టి తెలుగువారిని మోసగించిన కేసుల్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు 2020లో భరత్‌పూర్ వరకు వెళ్లి ముఠాల సభ్యులను అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్ చివరలో హర్యానా పోలీసులు సుమారు 5 వేల మంది సిబ్బందితో నూహ్ జిల్లాలోని 14 గ్రామాలపై ఏకకాలంలో దాడులు చేశారు. ఆ దాడుల్లో దొరికినవారి ద్వారా దేశవ్యాప్తంగా దాదాపు 28 వేల మోసాల గుట్టు బయటపడిందని, వాటి విలువ సుమారు రూ.100 కోట్లని ఆ రాష్ట్ర పోలీసులు ప్రకటించారు. నకిలీ పత్రాలతో తీసుకున్న సిమ్‌కార్డులు, ఇతరుల పేర్లతో తెరిచిన బ్యాంకు ఖాతాలే ఈ ముఠాల పనిముట్లు. అందువల్ల ఫోన్ నంబరు మన రాష్ట్రానిదే అన్నంత మాత్రాన అమ్మేవాడు మనవాడని నమ్మడానికి వీల్లేదు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగాలి

- బయటి ధరలో సగానికే కారు ఇస్తామనడం.
- బదిలీ, విదేశీ ప్రయాణం, ఆస్పత్రి ఖర్చుల వంటి కారణాలతో తొందరపెట్టడం. 'ఇంకో ముగ్గురు అడుగుతున్నారు' అంటూ ఒత్తిడి తేవడం.
- కారు చూడటానికి వస్తామంటే ఏదో ఒక అడ్డంకి చెప్పడం.
- వీడియో కాల్‌లో కారు, నంబరు పలక, ఛాసిస్ నంబరు చూపించమంటే దాటవేయడం.
- అమ్మే వ్యక్తి పేరు, ఆర్సీలోని పేరు, సొమ్ము అందుకునే ఖాతాలోని పేరు వేర్వేరుగా ఉండటం.
- 'తిరిగి ఇచ్చేస్తాం' అంటూ ముందుగా ఏదో ఒక రుసుము అడగడం.
- ఏదైనా యాప్ ఫైలు పంపి ఫోన్‌లో పెట్టుకోమనడం. వాహన వివరాల పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఫోన్‌లోని బ్యాంకు సమాచారాన్ని దోచుకునేవి కావచ్చు.

వీటిలో ఒక్కటి కనిపించినా బేరం అక్కడే ఆపాలి. ఫొటోల నేపథ్యాన్ని కూడా పరిశీలించాలి. కారు కర్నూలులోనే ఉందని రాసి, ఫొటోలో వెనుక దుకాణాల బోర్డులు మరో భాషలో ఉంటే ఆ ఫొటో ఎక్కడి నుంచో తీసినదని అర్థం.

కారు ఉన్నా కథ వేరే

రెండో రకం మోసంలో కారు ఎదురుగానే ఉంటుంది, ఇంజిన్ కూడా బాగానే పలుకుతుంది. లోపం కాగితాల్లో ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు తెలిస్తే కేంద్ర ప్రభుత్వ పరివాహన్ పోర్టల్‌లో, ఎంపరివాహన్ యాప్‌లో వాహనం రకం, రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, ఫైనాన్స్ ఉన్నదీ లేనిదీ చూసుకోవచ్చు. తెలంగాణ వాహనాలైతే ఆ రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లోనూ సరిచూసుకోవాలి. యాప్‌ను ప్లేస్టోర్ నుంచే తీసుకోవాలి, ఎవరో పంపిన లింకు నుంచి కాదు.

మన నంబర్లు గుర్తుపట్టడంలోనూ ఒక చిక్కు ఉంది. పాత కార్లకు ఏపీ 21 ఉంటే కర్నూలు, ఏపీ 04 ఉంటే కడప అని ఇట్టే తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే వరుస మొదలైన తరువాత నంబరు చూసి జిల్లా చెప్పే వీలు లేకుండా పోయింది. కాబట్టి 'మన జిల్లా బండే' అన్న మాటను ఆర్సీలోని చిరునామాతో సరిపోల్చాలి.

ఆర్సీలో హైపోథికేషన్ అని ఉంటే ఆ కారుపై అప్పు ఉన్నట్లు లెక్క. అప్పు తీరిపోయిందన్న నోటి మాట చెల్లదు. ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఫారం 35 చూడాలి. రవాణా శాఖ రికార్డుల్లో ఆ పేరు తొలగిందో లేదో కూడా నిర్ధారించుకోవాలి. లేకుంటే పాత యజమాని ఎగ్గొట్టిన వాయిదాలకు ఫైనాన్స్ సిబ్బంది వచ్చి కొత్త యజమాని ఇంటి ముందున్న కారును తీసుకుపోయే పరిస్థితి వస్తుంది.

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. కారుపై చెక్కిన ఆ నంబరును, ఇంజిన్ నంబరును ఆర్సీలోని వాటితో ఒక్కొక్క అక్షరమూ సరిచూడాలి. చెక్కిన చోట గీకినట్లు, మళ్లీ కొట్టినట్లు, కొత్తగా రంగు పూసినట్లు కనిపిస్తే అది దొంగ బండి కావచ్చు. వాహనంపై దొంగతనం కేసు నమోదైందో లేదో జాతీయ నేర నమోదు సంస్థ ఆన్‌లైన్ సేవల్లో తెలుసుకునే వీలుంది. దొంగ కారని తేలితే తెలియక కొన్నవారి నుంచి కూడా పోలీసులు దానిని స్వాధీనం చేసుకుంటారు.

కర్నూలుకు హైదరాబాద్, బెంగళూరు, బళ్లారి, కడపకు చెన్నై, బెంగళూరు అందుబాటులో ఉండటంతో పొరుగు రాష్ట్రాల కార్లు ఈ జిల్లాలకు ఎక్కువగా వస్తాయి. అక్కడ ధర తక్కువగా కనిపించినా లెక్క అక్కడితో ముగియదు. అసలు రిజిస్ట్రేషన్ జరిగిన చోటు నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తేవాలి. మన రాష్ట్రంలో కారు వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఈ ఖర్చులన్నీ కలిపాక మిగులు ఎంతో చూసుకోవాలి. బెంగళూరులో ట్యాక్సీగా తిరిగిన కారుకు తెల్ల పలక బిగించి సొంత కారుగా అమ్మజూపేవారూ ఉంటారు. ఆర్సీలో 'మోటార్ క్యాబ్' అని ఉందేమో గమనించాలి.

నీట మునిగిన కారు

ఎండలకు పేరుపడిన సీమలో కారు కొనేవారికి నీటి గురించి అనుమానమే రాదు. కానీ 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు నగరాన్నే ముంచింది. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేరు తీరం కొట్టుకుపోయింది. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2022లో బెంగళూరు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నీట మునిగాయి. ప్రతిసారీ పెద్ద సంఖ్యలో కార్లు నీళ్లలో నానాయి. అలాంటి కార్లను కడిగి, ఆరబెట్టి, వరద ఊసు లేని ఊళ్లలో అమ్మితే అడిగేవారుండరు.

నీరు తన గుర్తులను వదిలిపోతుంది. సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద మరక కనిపిస్తుంది. కింది పరుపు ఎత్తితే ఒండ్రు, సీటు పట్టాలపై తుప్పు, స్టెపినీ గుంటలో మట్టి ఉంటాయి. హెడ్‌లైట్ల లోపల తేమ పడుతుంది. ముక్కవాసన వస్తుంటే, లేదా దానిని కప్పేందుకు సెంటు గుప్పుమంటుంటే జాగ్రత్త పడాలి. మునిగిన కారులో ఇంజిన్ కంటే ముందు వైరింగ్ దెబ్బతింటుంది. అది కొన్న రోజున బయటపడదు, కొన్ని నెలల తరువాత రాత్రి వేళ నడిరోడ్డుపై బయటపడుతుంది.

వెనక్కి తిరిగే మీటరు

లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారు మీటరును యాభై వేలకు తగ్గించడం కష్టమైన పని కాదు. డిజిటల్ మీటరు కూడా ఇందుకు అతీతం కాదు. అందువల్ల మీటరును కాక కారును చదవాలి. బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు అరిగిపోయి, స్టీరింగ్ నునుపుదేలి ఉంటే తక్కువ తిరిగిందన్న మాట అబద్ధం. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. కంపెనీ సర్వీసు కేంద్రంలో నమోదైన పాత సర్వీసుల వివరాలు తెప్పించమని యజమానిని అడగాలి. బీమా పత్రంలో నో క్లెయిమ్ బోనస్ సున్నాగా ఉంటే ప్రమాదంలో క్లెయిమ్ తీసుకున్నారేమో ఆరా తీయాలి. తలుపుల అంచుల్లో రంగు తేడా, బోనెట్ బోల్టులపై పానా గుర్తులు టింకరింగ్ జరిగిన సంగతిని చెబుతాయి.

దూరాన ఉన్నవారికి మరింత జాగ్రత్త

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఇంటి అవసరానికని అక్కడి నుంచే కారు బేరం చేయడం పరిపాటి. కారును చూడలేని ఈ స్థితి మోసగాడికి కలిసొస్తుంది. సొమ్ము గల్ఫ్ నుంచి నేరుగా అమ్మేవాడికి పంపకుండా, ఇక్కడి కుటుంబ సభ్యుడి ఖాతాలో వేయాలి. ఆ వ్యక్తి మెకానిక్‌ను వెంటబెట్టుకొని కారు చూసి, ఆర్సీ అసలు ప్రతిని, యజమానిని కలిసి, ఆ తరువాత చెల్లించాలి.

సొమ్ము చెల్లించే తీరు

బయానా ఎంత చిన్నదైనా కారు చూశాకే ఇవ్వాలి. మిగతా మొత్తాన్ని ఆర్సీలో పేరున్న వ్యక్తి బ్యాంకు ఖాతాకే పంపాలి. బావమరిది ఖాతా, స్నేహితుడి ఫోన్ నంబరు అంటే ఒప్పుకోరాదు. యూపీఐలో పంపేటప్పుడు తెరపై కనిపించే పేరును చదివాకే పిన్ కొట్టాలి. బ్యాంకుల ఆన్‌లైన్ సేవల్లో నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు కూడా ఖాతాదారు పేరు ముందే సరిచూసుకునే వెసులుబాటు 2025లో వచ్చింది. కొనుగోలు ఒప్పందంపై తేదీతో పాటు కారు అప్పగించిన సమయం కూడా రాయించుకోవాలి. ఆ క్షణం వరకు జరిగిన ప్రమాదాలకు, పడిన చలానాలకు పాత యజమానిదే బాధ్యతని అందులో పేర్కొనాలి. పెండింగ్ చలానాలను ముందే కట్టించాలి.

వ్యాపారుల వద్ద కొనేవారికి మరో రక్షణ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారి రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందాలి. దాని గడువు ఐదేళ్లు. ఆ పత్రం చూపించమని అడగడం కొనేవారి హక్కు.

పేరు మారితేనే బేరం ముగిసినట్లు

సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి 'ఎప్పుడైనా మార్చుకోండి' అనడం మన దగ్గర అలవాటుగా మారింది. ఇది ఇద్దరికీ ముప్పే. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 సమర్పించాలి. రికార్డుల్లో పేరు మారనంత వరకు ప్రమాద పరిహారం బాధ్యత పాత యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో కారు పలు చేతులు మారినా, రికార్డుల్లో పేరున్న వ్యక్తే పరిహారం చెల్లించాల్సి వచ్చింది. కొన్నవారు బీమాను కూడా 14 రోజుల్లో తమ పేరిట మార్పించుకోవాలి. లేకుంటే కారుకు జరిగిన నష్టానికి పరిహారం అందడం కష్టం.

అమ్మేవారూ జాగ్రత్త

కొంటామంటూ ఫోన్ చేసి అమ్మేవారిని ముంచే ముఠాలూ ఉన్నాయి. బయానా పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. పిన్ కొట్టగానే సొమ్ము రావడానికి బదులు ఖాతా నుంచి పోతుంది. సొమ్ము అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. నడిపి చూస్తామంటూ వచ్చినవారికి తాళాలిచ్చి ఒంటరిగా పంపరాదు.

మోసపోతే తక్షణం..

సిగ్గుపడి, ఇంట్లో తెలుస్తుందని దాచిపెట్టడం వల్లే ఎక్కువ సొమ్ము చేజారుతుంది. మోసమని గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, సొమ్ము వెళ్లిన ఖాతా లేదా యూపీఐ చిరునామా దగ్గర ఉంచుకోవాలి. సొమ్ము ఇంకా ఖాతాల్లోనే ఉంటే బ్యాంకులు దానిని నిలిపివేస్తాయి. మోసగాళ్లు నిమిషాల్లోనే ఖాతాలు మార్చి, నగదుగా తీసేసుకుంటారు కనుక మొదటి గంట ఎంతో విలువైనది. ఆ తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, సమీప పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. వాట్సాప్ సందేశాలు, ఫోన్ నంబర్లు, ప్రకటన తెరపట్టు, రశీదులు చెరిపివేయరాదు. మారువేషంతో కంప్యూటర్, ఫోన్ ద్వారా మోసగిస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు, మోసం నేరానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. అయితే నేరస్థుడికి శిక్ష పడటం వేరు, పోయిన సొమ్ము తిరిగి రావడం వేరు. సొమ్మును స్వయంగా పంపినప్పుడు నష్టాన్ని బ్యాంకు భరించాలని కోరే వీలు సాధారణంగా ఉండదు.

కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, కడప నుంచి బెంగళూరుకు వెళ్లి రావడానికి ఒక రోజు, బస్సు ఛార్జీలు, వెంట వచ్చే మెకానిక్ కూలి ఖర్చవుతాయి. పంట సొమ్మునో, గల్ఫ్ సంపాదననో కాపాడుకోవడానికి ఇంతకన్నా చవకైన బీమా లేదు. ఆ ప్రయాణానికి అవకాశం ఇవ్వని అమ్మకందారు ఎంత తక్కువ ధర చెప్పినా ఆ బేరం వదులుకోవడమే లాభం.